పేరొస్తుంది సరే, పైకమో?

“బడ్జెట్ లేదు బ్రో, కానీ మంచి ఎక్స్‌పోజర్. నెక్స్ట్ ప్రాజెక్టు మనం కలిసే చేద్దాం.” కృష్ణానగర్‌లో సినిమా పోస్టర్లు డిజైన్ చేసేవాళ్ళకు, యూసుఫ్‌గూడలో గది పంచుకుని ఎడిటింగ్ చేసుకునేవాళ్ళకు, ఊళ్ళో ఉండి పుస్తకాలకు ముఖచిత్రాలు వేసిచ్చేవాళ్ళకు ఈ మాట కంఠతా వచ్చేసి ఉంటుంది. అనువాదకుల దగ్గరికి ఇదే మాట కాస్త మర్యాదగా వస్తుంది: “మీలాంటివారు చేస్తే పుస్తకానికి ఒక విలువ వస్తుందండీ.” గాయకులకు వేదిక చూపిస్తారు, ఫోటోగ్రాఫర్లను ట్యాగ్ చేస్తామంటారు, కవులకు శాలువా కప్పుతారు. చేసిన పనికి తక్కువ ఇస్తాం, లేదా ఏమీ ఇవ్వం, మిగతాది మీ పేరు నలుగురికీ తెలియడంతో చెల్లు అని సారాంశం.

అలా చెల్లు వేసుకోవచ్చా? ఈ ప్రశ్న మీద పదిహేనేళ్ళుగా చాలా దేశాల్లో రచయితలు, సంగీతకారులు, చిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనల్లో పస ఉన్నవాటిని ముందు చూసి, తర్వాత మన దగ్గరికి వద్దాం.

2013 మార్చిలో అమెరికాలో ఒక ఉత్తరప్రత్యుత్తరం బయటపడింది. నేట్ థాయర్ అనే జర్నలిస్టు 1997లో కంబోడియా అడవుల్లోకి వెళ్ళి మాజీ నియంత పోల్ పాట్‌ను ఇంటర్వ్యూ చేసినవాడు. ఉత్తర కొరియాతో అమెరికా బాస్కెట్‌బాల్ దౌత్యం గురించి ఆయన రాసిన పెద్ద వ్యాసాన్ని 1,200 పదాలకు కుదించి ఇవ్వమని ‘ది అట్లాంటిక్’ పత్రిక అడిగింది. డబ్బు ఇవ్వలేమని, తమ వెబ్‌సైట్‌కు నెలకు కోటీ ముప్పై లక్షల మంది పాఠకులున్నారని చెప్పింది. పాతికేళ్ళ అనుభవమున్న మనిషికి పాఠకుల సంఖ్యను జీతంగా చూపించడంతో థాయర్‌కు మండింది. ఆ సంభాషణను ఉన్నదున్నట్టు ప్రచురించాడు. పత్రిక క్షమాపణ చెప్పుకుంది.

అంతకు రెండేళ్ళ ముందు హఫింగ్టన్ పోస్ట్ గొడవ జరిగింది. 2005లో మొదలైన ఆ సైటుకు వేల మంది ఊరకే రాసిపెట్టారు. 2011లో ఏఓఎల్ సంస్థ దాన్ని 31.5 కోట్ల డాలర్లకు కొన్నది. మా రాతల మీదే కదా ఈ సైటు పెరిగింది, మా వాటా ఏదని రాసినవాళ్ళు కోర్టుకెక్కారు. డబ్బు రాదని తెలిసే రాశారు కదా అని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2012లో కేసు కొట్టేసింది. చట్టం దృష్టిలో తీర్పు సబబే. దాన్ని చదివితే భయం వేసేది కూడా అందుకే. ముందు ఒప్పుకుని తర్వాత బాధపడితే వినే నాథుడు ఉండడని అది తేల్చేసింది.

ఇంగ్లండులో రచయిత ఫిలిప్ పుల్‌మన్ పెట్టిన పేచీ మనకు మరీ దగ్గరగా తగులుతుంది. 2016 జనవరిలో ఆయన ఆక్స్‌ఫర్డ్ సాహిత్యోత్సవానికి పోషకుడిగా ఉండటం మానుకున్నారు. పందిళ్ళు వేసినవాళ్ళ నుంచి ప్రచారం చేసేవాళ్ళ దాకా అందరికీ డబ్బు ముడుతోంది, జనం ఎవరి మాట వినడానికి టికెట్ కొంటున్నారో ఆ రచయితలకు మాత్రం లేదన్నది ఆయన అభ్యంతరం. అదే దేశంలో రాతే వృత్తిగా బతికే రచయితల వార్షిక మధ్యస్థ ఆదాయం 2006లో 12,330 పౌండ్లుంటే 2022 సర్వే నాటికి 7,000కు పడిపోయింది. ఈ పదహారేళ్ళూ రాతలు జనానికి చేరే దారులు పెరుగుతూనే వచ్చాయని గుర్తుంచుకోవాలి.

ఇక మన సభల ఖర్చు చిట్టా తీయండి. హాలు అద్దె, మైకుసెట్టు, ఫ్లెక్సీ, పూలదండలు, మెమెంటోలు, భోజనాలు, వీడియో. ప్రతిదానికీ పద్దు ఉంటుంది. శాలువా అమ్మిన కొట్టువాడికి కూడా డబ్బు ముడుతుంది. దాన్ని కప్పించుకున్న కవి మాత్రం సొంత ఖర్చుతో ఆటో ఎక్కి ఇంటికి పోతాడు. ‘బడ్జెట్ లేదు’ అనే మాటను ఈ చిట్టా పక్కన పెట్టి వినాలి. చాలా సందర్భాల్లో బడ్జెట్ ఉంటుంది, అందులో కళాకారుడి పేరున గీత ఉండదు.

సినిమా రంగంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ సినిమాకు ఊరకే చెయ్యి, నీకు పేరొస్తుంది అని లైట్‌మ్యాన్‌తో ఏ ప్రొడక్షన్ మేనేజరూ అనడు. కార్పెంటర్‌తో అనడు, జెనరేటర్ వ్యాన్ డ్రైవర్‌తో అసలే అనడు. వాళ్ళకు యూనియన్ ఉంది, రోజుకింత అని రేటుంది. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా షూటింగులు ఆపేశారు. చివరకు తక్కువ వేతనాలవాళ్ళకు మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం పెంచేలా ఒప్పందం కుదిరింది. అది చాలునా చాలదా అన్నది వేరే చర్చ. అడగడానికి వాళ్ళకొక అంకె ఉంది. అదే సినిమాకు నెలల తరబడి కథా చర్చల్లో కూర్చున్న కుర్రాడికి, స్టోరీబోర్డు గీసిన అమ్మాయికి, పోస్టర్‌కు ఇరవై కరెక్షన్లు చేసిన డిజైనర్‌కు ఆ అంకె లేదు. ఇష్టపడి చేస్తున్నావు కదా అని వాళ్ళ ఇష్టాన్నే జీతంలో కోతగా మారుస్తారు.

ఈ రంగంలోనే దీనికి తలకిందుల వ్యవహారం కూడా నడుస్తుంది: ఘోస్ట్ రాత. సీనుకింత అని డబ్బు తీసుకుని, టైటిల్ కార్డు మీద వేరొకరి పేరు పడుతుంటే థియేటర్లో కూర్చుని చూడటం. ఒకరికి పేరు లేని డబ్బు, ఇంకొకరికి డబ్బు లేని పేరు. రెండూ న్యాయంగా ఎవరికి రావాలో వాళ్ళకే రావాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ తట్టదు.

పెద్ద వేదిక కాబట్టి ఇవ్వనక్కర్లేదన్న వాదనకు మన దగ్గరే ఒక జవాబుంది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలైనప్పటి నుంచీ కొన్ని దశాబ్దాల పాటు తెలుగునాట ఆకాశవాణిని మించిన ప్రచారం ఇంకెక్కడుంది? పొలం గట్టు మీద రైతు దాకా పోయే గొంతు అది. ఎక్స్‌పోజర్ అన్న మాట వాడే హక్కు ఎవరికైనా ఉందంటే ఆ సంస్థకే ఉండాలి. అయినా కళాకారులను ఆడిషన్ చేసి బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడ్లు ఇచ్చి, గ్రేడును బట్టి ఫీజు కట్టింది. ప్రసంగానికి, నాటికకు చెక్కు పంపింది. మొత్తం పెద్దది కాకపోవచ్చు. పనికి ప్రతిఫలం ఉంటుందన్న లెక్క మాత్రం తప్పలేదు. నిజంగా ప్రచారం ఇవ్వగలిగినవాడు దాన్ని ప్రత్యేకంగా ఎరగా చూపించడు. అది పనితోపాటు దానంతటదే వస్తుంది. ఎక్స్‌పోజర్ గురించి ఎంత ఎక్కువ చెబితే వాళ్ళ దగ్గర అది అంత తక్కువ ఉందన్నమాట.

అవతలి పక్షం వాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కొత్తవాడి పని ఎవరూ చూడలేదు. చూడనిదే ఎవరూ పిలవరు, పిలవనిదే చూపించడానికి పని ఉండదు. ఈ ముడి ఎక్కడో ఒక దగ్గర విప్పాలి, మొదట్లో ఊరకే చేయడమే దానికి దారి అంటారు. శిష్యరికం మన సంప్రదాయంలోనే ఉంది కదా అని కూడా అంటారు. నిజమే, ఉంది. అయితే శిష్యరికంలో గురువు నేర్పేవాడు, చాలా చోట్ల తిండీ పెట్టేవాడు. లోగో చేయించుకుని “బ్లూ కొంచెం డార్క్ చెయ్యి” అని వాట్సాప్‌లో పెట్టే క్లయింటు దగ్గర ఏ విద్య అబ్బుతుందో నాకు తెలియదు.

ఉచితంగా చేసిన పనితో పైకొచ్చినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. సుజీత్ లఘుచిత్రాలు తీసి 2014లో ‘రన్ రాజా రన్’ దాకా వచ్చాడు. తరుణ్ భాస్కర్ ‘సైన్మా’ అనే లఘుచిత్రం తీసిన తర్వాత 2016లో ‘పెళ్ళిచూపులు’ తీసి జాతీయ పురస్కారం అందుకున్నాడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ ఊళ్ళో మాటను, ఊళ్ళో మనుషులను యూట్యూబ్‌కు ఎక్కించింది. అందులో నటించిన గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా వెళ్ళింది. ఎక్స్‌పోజర్‌ను సమర్థించేవాళ్ళు ఈ పేర్లే చెబుతారు. కానీ కాస్త ఆగి చూడాలి. వీళ్ళెవరూ ఇంకొకరి సరుకు అమ్మిపెట్టడానికి ఊరకే చేయలేదు. సొంత సినిమా తీశారు, సొంత ఛానల్ పెట్టారు. ఎవరిని ఎలా చూపించాలో, ఎప్పుడు ఆపాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. వచ్చిన పేరు వాళ్ళ పని మీదే పడింది, ఛానల్ మీద వచ్చే ఆదాయమూ ఆ ఛానల్‌కే చేరింది. ఇది పెట్టుబడి. వేరొకడి బిస్కెట్ల ప్రకటనకు చౌకగా పాడిపెట్టడం ఆ బిస్కెట్ల కంపెనీకి ఇచ్చిన రాయితీ. మొత్తం వాదనలో తికమక అంతా ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్లే వస్తోందని నా అభిప్రాయం.

ఇక పేరు కొండంత వస్తే డబ్బు దానంతటదే వస్తుందా అన్నదానికి దర్శనం మొగులయ్య జీవితం కంటే కఠినమైన సాక్ష్యం దొరకదు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన ఆయన పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు. 2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు వినిపించింది. ఒక్క రోజులో తెలుగువాళ్ళున్న ప్రతి ఊరికీ చేరింది. పవన్ కల్యాణ్ రెండు లక్షలు ఇచ్చారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. తెలుగునాట ఒక జానపద కళాకారుడికి ఇంతకు మించిన ఎక్స్‌పోజర్ ఊహించలేం. 2024 మేలో అదే మనిషి హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఒక నిర్మాణ స్థలంలో కూలి పని చేస్తున్న వీడియో బయటికొచ్చింది. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని, పనికోసం తిరుగుతున్నానని ఆయనే చెప్పుకున్నారు. ఆయనకు అందినవన్నీ బహుమానాలు. ఇచ్చినవాళ్ళ మనసు మంచిదే, కానీ బహుమానం ఒకసారి వస్తుంది. కిన్నెరకు నెలకు ఇన్ని కచేరీలు, కచేరీకి ఇంత అనే ఏర్పాటు పక్కన నిలబడకపోతే పేరు పేరుగానే మిగిలిపోతుంది.

ఆర్థికవేత్త షెర్విన్ రోసెన్ 1981లోనే ‘సూపర్‌స్టార్ల ఆర్థికశాస్త్రం’ అనే వ్యాసంలో దీని వెనకున్న లెక్క చూపించాడు. ఒకే పనిని ఏ ఖర్చూ లేకుండా లక్షల మందికి చేర్చగలిగే రంగాల్లో ప్రతిభలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆదాయంలో కొండంత తేడా వస్తుంది, పైనున్న కొద్దిమందికే దాదాపు అంతా పోతుంది. పోటీలదీ అదే తంతు. రూపాయి గుర్తు కోసం కేంద్ర ఆర్థిక శాఖ పోటీ పెడితే 3,000కు పైగా డిజైన్లు వచ్చాయి. 2010లో ఉదయకుమార్ గెలిచి రెండున్నర లక్షలు అందుకున్నాడు. తుది జాబితాకు చేరిన ఐదుగురిని మినహాయిస్తే మిగతావాళ్ళ పని బీరువాల్లోకి పోయింది. దేశం గుర్తు కోసం కాబట్టి పోటీకి ఒక గౌరవం ఉంది. బజారులో బిర్యానీ హోటల్ కూడా లోగో పోటీ పెట్టి పదిమంది చేత పని చేయించుకోవడాన్ని ఏమనాలి?

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. ఊరకే పని చేసే స్థోమత ఎవరికుంటుంది? హైదరాబాద్‌లో సొంతిల్లు, నాన్న జీతం, తినడానికి అమ్మ వంట ఉన్నవాడు రెండేళ్ళు పేరుకోసం పనిచేయగలడు. పలాస నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి గది అద్దె కట్టేవాడు మూడు నెలలకే ఏదో కాల్ సెంటర్లో చేరతాడు. ప్రవేశ రుసుము లేదని మనం అనుకునే ఈ రంగానికి అసలు ప్రవేశ రుసుము అదే: జీతం లేని ఆ రెండేళ్ళు. చివరికి ఎవరి కథలు తెర మీదికొస్తాయో, ఎవరి యాస నవ్వులాటకే పరిమితమవుతుందో కూడా కొంతవరకు ఇక్కడే తేలిపోతోంది. ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకొస్తారనేవాళ్ళు పైకొచ్చినవాళ్ళనే చూస్తారు, మధ్యలో బస్సెక్కి వెళ్ళిపోయినవాళ్ళను లెక్కెట్టరు.

ఉచితం కంటే తక్కువ రేటే ప్రమాదమన్నది నా తీర్పు. వింతగా అనిపించవచ్చు. ఊరకే చేసిన పని సాయంగా గుర్తుంటుంది, మళ్ళీ అడగడానికి అవతలివాడు కాస్త మొహమాటపడతాడు. ముఖచిత్రానికి ఐదొందలు తీసుకున్నారనుకోండి, అది మీ రేటు అయి కూర్చుంటుంది. “ఫలానావాళ్ళకు ఐదొందలకే చేశారట కదా” అని తర్వాతివాడు ఫోన్ చేస్తాడు. మొదటివాడు చెప్పిన ‘నెక్స్ట్ ప్రాజెక్టు’ వచ్చినప్పుడు, అందులో నిజంగా డబ్బున్నప్పుడు, మీరు గుర్తుకొచ్చేది చౌకగా చేసేవాళ్ళుగానే. పెద్ద పనికి పెద్ద డిజైనర్ దగ్గరికే పోతారు. ఇప్పుడు కృత్రిమ మేధతో రెండు నిమిషాల్లో పోస్టర్ వస్తోందని బెదిరించి ఆ ఐదొందల్లోనూ కోత పెడుతున్నారు. చౌకదనంలో యంత్రంతో పోటీ పడి గెలిచే మనిషి ఎవరూ ఉండరు కాబట్టి ఆ పందెంలోకి దిగకపోవడమే మేలు. ఒకవేళ ఊరకే చేయదలచుకుంటే బిల్లు మీద పూర్తి రేటు రాసి, కింద నూరు శాతం తగ్గింపు అని వేసి పంపండి. అవతలివాళ్ళకు మీ పని ఖరీదు తెలుస్తుంది, మీకూ గుర్తుంటుంది.

ఊరకే చేయదగ్గ చోట్లు ఉన్నాయి. ఆర్టిస్ట్ మోహన్ ఉద్యమాలకు, చిన్న పత్రికలకు ఊరకే వేసిచ్చిన బొమ్మలకు లెక్కలేదు. అది ఆయన నమ్మకం, అందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. చందాలు పోగుచేసి నడిపే సాహిత్య పత్రికకు సంపాదకుడే జేబులోంచి పెడుతుంటాడు. అక్కడ రచయిత పారితోషికం అడగకపోవడంలో అర్థముంది. మిత్రుడి మొదటి పుస్తకం, ఊరి బడి గోడ మీద బొమ్మ, అమ్మాయి పెళ్ళికి పాట, వీటికి రేటు కార్డు తీసేవాడితో నాకూ పేచీయే. అవతల నా పని మీద ఎవరైనా సంపాదిస్తున్నారా అని చూస్తే చాలు. సంపాదిస్తుంటే నా వాటా నాకు రావాలి.

చట్టం పూర్తిగా చేతులెత్తేయలేదు. కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం రాసి సంతకం చేయనిదే హక్కుల బదిలీ చెల్లదు. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నా పని అని చెప్పుకునే హక్కును 57వ సెక్షన్ కాపాడుతుంది. కాబట్టి ‘మీ పేరు వేస్తాం’ అన్నది వాళ్ళు చేసే ఉపకారం కాదు, మీకు ముందే ఉన్న హక్కును మీకే అమ్మజూపుతున్నారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద తొలి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడిదే. ఊరకే తీయించుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. (ట్యాగ్ చేయడం కూడా విలువైన ప్రతిఫలమేనని ఏ వకీలైనా వాదిస్తే వినాలని ఉంది.) గీత రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభలో పట్టుబట్టి సాధించిన 2012 సవరణ తర్వాత సినిమా పాట రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు థియేటరు బయటి వాడకం మీద రాయల్టీ హక్కు విడదీయరానిదైంది. ఇంతటి హక్కు డిజైనర్లకు, ఎడిటర్లకు లేదు.

డబ్బు ఎగ్గొట్టేవాళ్ళ సంగతికొస్తే 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం చాలామంది ఫ్రీలాన్సర్లు ఎరగని ఆయుధం. ఉద్యమ్ పోర్టల్‌లో పైసా ఖర్చు లేకుండా నమోదు చేసుకుంటే ఒంటరిగా పనిచేసే డిజైనర్ కూడా సూక్ష్మ సంస్థే. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. న్యూయార్క్ నగరం 2017లో అమల్లోకి తెచ్చిన చట్టం ఇంకో మెట్టు ముందుంది. 800 డాలర్లు, అంతకు మించిన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, వేరే గడువు రాసుకోకపోతే 30 రోజుల్లో చెల్లించాలి. మనకూ అలాంటిది కావాలి.

అందరం కలిసి ఒక కనీస రేటు పెట్టుకుంటే పోదా అని అడగవచ్చు. సొంతంగా పనిచేసేవాళ్ళు కలిసి ధర నిర్ణయిస్తే చాలా దేశాల్లో పోటీ చట్టం దాన్ని కుమ్మక్కుగా చూసే ప్రమాదముంది. కంపెనీలను ఆపడానికి పుట్టిన చట్టం పోస్టర్లు చేసుకునేవాళ్ళ కాళ్ళకు అడ్డం పడుతోంది. ఒంటరిగా పనిచేసేవాళ్ళు ఉమ్మడిగా బేరమాడితే తాము అడ్డుకోబోమంటూ యూరోపియన్ యూనియన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడ ఆ రోజు వచ్చేదాకా కనీసం ఎవరికి ఎంత ఇచ్చారో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టవచ్చు. రేట్లు దాచుకోవడం వల్ల లాభపడేది ఇచ్చేవాడొక్కడే.

పని చేయించుకునేవారికి ఒక మనవి. మీ వచ్చే సభకో, సినిమాకో, పుస్తకానికో ఖర్చుల జాబితా రాసేటప్పుడు శాలువా పైన ఒక గీత వేసి కళాకారుడి పేరు, ఎదురుగా ఒక అంకె రాయండి. చిన్నదైనా ఫరవాలేదు, మొదటి ఫోన్‌లోనే చెప్పండి. పని చేసేవారు ఆ అంకె విన్న తర్వాతే ఫైలు తెరవండి.